దాణా బస్తాలో కలిపినవి, కలపకుండా వచ్చినవి

2018లో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దేశమంతటా 1,103 పట్టణాల్లో 6,432 పాల నమూనాలు తీసి పరీక్ష చేయించింది. యూరియా, డిటర్జెంట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటివి కలిపినట్టు తేలినవి వాటిలో 12. అందులో 9 తెలంగాణవి. యాంటీబయాటిక్ అవశేషాలు పరిమితికి మించి ఉన్నవి 77. అఫ్లటాక్సిన్ ఎం1 అనే బూజు విషం పరిమితి దాటినవి మాత్రం 368.

ఈ మూడో అంకెను ఆపి చూడాలి. అఫ్లటాక్సిన్‌ను పాలలో ఎవరూ కలపరు, కలిపితే ఎవరికీ లాభం లేదు. అది మేతలో ఉండి, పశువు కడుపు మీదుగా పాలలోకి వచ్చింది. పశువుల దాణా మీద మాట వచ్చినప్పుడల్లా 'ఏం కలుపుతున్నారో ఏమో' అనే అనుమానం ముందుకొస్తుంది. అది పూర్తిగా తప్పేమీ కాదు. కానీ పై లెక్క చూస్తే, చేత్తో కలిపినదాని కన్నా కలపకుండా చేరినదే ఎక్కువ. ఈ రెంటినీ విడివిడిగా చూస్తే గానీ చిక్కు వీడదు.

మేత, దాణా, పైన వేసేవి

పశువు తినేదాంట్లో పీచు ఎక్కువగా ఉన్నది మేత. వరిగడ్డి, జొన్న చొప్ప, పచ్చిగడ్డి, మొక్కజొన్నను కోసి గాలి చొరకుండా పాతర వేసిన సైలేజీ, ఇవన్నీ మేతే. బలం ఎక్కువ, పీచు తక్కువ ఉన్నది దాణా. తవుడు, నూకలు, మొక్కజొన్న, నూనె తీయగా మిగిలే వేరుశనగ చెక్క, పత్తి చెక్క, సోయా చెక్క, కందిపొట్టు, ఈ మధ్య వచ్చిన ఇథనాల్ ఫ్యాక్టరీల పిప్పి. మూడో జాతి గ్రాముల్లో వేసేది: లవణ మిశ్రమం, విటమిన్లు, ఎంజైములు, ఈస్టు, బూజు విషాలను పట్టి ఉంచే బైండర్లు. 'అడిటివ్' అన్న మాట వినగానే మందులేవో గుర్తొస్తాయి గానీ ఎక్కువ భాగం ఇలాంటి మామూలు సరుకే. గుడ్డు సొన పచ్చగా ఉండాలని కోళ్ల దాణాలో బంతిపూల సారం కలపడం కూడా ఇందులోదే. మొక్కజొన్న బదులు నూకలు మేపితే సొన పాలిపోతుంది. అంతమాత్రాన ఆ గుడ్డులో బలం తగ్గినట్టు కాదు. అయినా కొనేవాడి కన్ను ఒప్పుకోదు కాబట్టి బంతిపూలు పడుతున్నాయి.

ఇంకో సంగతి ముందే తెలిసి ఉండాలి. ఆవు, గేదె, మేక, గొర్రె నెమరువేస్తాయి. వాటి పెద్దపొట్టలో కోటానుకోట్ల సూక్ష్మజీవులుంటాయి. మేత ముందు వాటికే ఆహారం, ఆ తర్వాత ఆ సూక్ష్మజీవులే పశువుకు ఆహారం. కోడికి, పందికి ఈ ఏర్పాటు లేదు. పాలు తాగే దూడకు కూడా అప్పటికింకా ఉండదు. అందుకే 'ఇది విషమా, కాదా' అని అడిగితే, ఏ పశువుకి, ఎంత వయసులో, ఎంత మోతాదులో అని ఎదురు ప్రశ్న వేయక తప్పదు.

బస్తా మీద '20 శాతం ప్రోటీన్' అని ఉంటే

ల్యాబ్‌లో మాంసకృత్తులను నేరుగా కొలవరు. నత్రజని ఎంత ఉందో కొలిచి 6.25తో గుణిస్తారు. మాంసకృత్తుల్లో సగటున 16 శాతం నత్రజని ఉంటుంది కాబట్టి ఈ లెక్క. వచ్చిన అంకెకు 'క్రూడ్ ప్రోటీన్' అని పేరు. మెలిక ఇక్కడే ఉంది. నత్రజని ఎక్కడి నుంచి వచ్చిందో ఆ పరీక్షకు తెలియదు.

పొలంలో చల్లే యూరియాలో 46 శాతం నత్రజని. 6.25తో గుణిస్తే 287 శాతం 'ప్రోటీన్'. 17 శాతం అసలు మాంసకృత్తులున్న దాణా 99 కిలోలు తీసుకుని కిలో యూరియా కలిపామనుకుందాం. దాణా నుంచి 16.8, యూరియా నుంచి 2.9. మొత్తం 19.7. కాస్త అటూ ఇటూగా 20 శాతం బస్తా తయారైనట్టే. మూడు శాతం చెక్క రూపంలో పెంచాలంటే అయ్యే ఖర్చులో ఇది ఏ మూలకూ రాదు.

అయితే ఇది మోసమా? పశుపోషణ శాస్త్రవేత్తలు అలా అనరు. పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు యూరియా నుంచి వచ్చే అమ్మోనియాను తీసుకుని నిజంగానే మాంసకృత్తులుగా మారుస్తాయి. దానికి తోడు పిండిపదార్థం అందుతుండాలి, అంతే. వరిగడ్డిని మెరుగుపరచడానికి 100 కిలోలకు 4 కిలోల యూరియాను 50, 60 లీటర్ల నీళ్లలో కరిగించి చల్లి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి ఉంచమని పశువైద్యులే చెబుతారు. అది పాత పద్ధతి, పనిచేసే పద్ధతి. దాణాలో కూడా 1 శాతం వరకు ప్రమాణాలు ఒప్పుకుంటాయి.

రైతు వైపు నుంచి చూస్తే అభ్యంతరం వేరు. చెక్క ధర పెట్టి యూరియా కొన్నట్టవుతుంది. బస్తా చూస్తే ఆ తేడా తెలియదు. సరిగా కలవక గడ్డలు మిగిలితే ప్రాణం మీదికి వస్తుంది. అమ్మోనియా రక్తంలో చేరే వేగాన్ని కాలేయం అందుకోలేకపోతే పశువు వణికిపోయి, పొట్ట ఉబ్బి, గంటల్లో పడిపోతుంది. డాక్టరు వచ్చి వెనిగర్, చల్లటి నీళ్లు పట్టించేది ఆ అమ్మోనియా జోరు తగ్గించడానికే. దూడ దాణాలోనో కోళ్ల దాణాలోనో యూరియా ఉంటే మాత్రం ఏ వాదనా నిలబడదు. వాటికి దాన్ని మార్చుకునే సూక్ష్మజీవులే లేవు.

ఇదే లొసుగు పెద్ద ఎత్తున బయటపడింది మెలమైన్‌తో. ప్లాస్టిక్ తయారీలో వాడే ఈ పొడిలో 66 శాతం పైగా నత్రజని ఉంటుంది. లెక్కగడితే 400 శాతం దాటిన ప్రోటీన్. 2007లో చైనా నుంచి వెళ్లిన గోధుమ గ్లూటెన్‌లో ఇది ఉండి అమెరికాలో పెంపుడు కుక్కలు, పిల్లులు కిడ్నీలు చెడి చనిపోయాయి. మరుసటి ఏడాది చైనాలోనే పసిపిల్లల పాలపొడిలో బయటపడింది. యూరియా నుంచి గేదెకు ఎంతో కొంత దక్కుతుంది. మెలమైన్ నుంచి ఎవరికీ ఏమీ దక్కదు.

చెక్కలోంచి పాలలోకి

ఇక కలపకుండా వచ్చేదాని సంగతి. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు ఉన్నట్టుండి చనిపోయాయి. ఏ రోగమో తెలియక 'టర్కీ ఎక్స్' అన్నారు. చివరికి బ్రెజిల్ నుంచి తెప్పించిన వేరుశనగ చెక్క దగ్గర ఆచూకీ దొరికింది. ఆ చెక్కకు పట్టిన ఆస్పర్‌జిల్లస్ బూజు విడుదల చేసిన విషమే అఫ్లటాక్సిన్. మనుషులకు క్యాన్సర్ కలిగించేవిగా తేలిన పదార్థాల జాబితాలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని మొదటి వర్గంలో పెట్టింది.

వానాకాలంలో చెక్క బస్తా విప్పితే, తడిగోడకు ఆనుకున్న వైపు చెక్క గడ్డకట్టి ఉంటుంది. విరిస్తే లోపల ఆకుపచ్చ, బూడిద రంగు పొడి, ముక్కవాసన. రైతు ఆ గడ్డను అవతల పారేసి మిగతాది కుడితిలో కలుపుతాడు. గడ్డ పారేయడం మంచిదే. కానీ విషం ఆ గడ్డలోనే ఆగదు. బూజు కనపడిన ప్రతిచోటా అది ఉండాలనీ లేదు, కనపడని చోట ఉండకూడదనీ లేదు. కంటికి, ముక్కుకి అందనిది కాబట్టే పరీక్ష కావాలి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ ఇందుకోసం తక్కువ ఖర్చుతో అయ్యే ఎలైసా పరీక్ష కిట్లు తయారుచేసింది.

నిల్వలో తడి వల్లే ఇదంతా అనుకుంటాం గానీ చాలాసార్లు మొదలయ్యేది చేలో. అనంతపురం లాంటి చోట వేరుశనగ కాయ ఊరే దశలో వాన మొహం చాటేస్తే, ఎండకు అల్లాడే మొక్కను ఈ బూజు నేలలోనే పట్టుకుంటుంది. కాయ కొట్టించాక మంచి పప్పు ఎగుమతికో అంగడికో పోతుంది. ముడుచుకుపోయినవి, పుచ్చినవి, రంగు మారినవి ఏరి నూనె మిల్లుకు పంపుతారు. అఫ్లటాక్సిన్ నూనెలో సరిగా కరగదు, కాబట్టి మిల్లు ఆడాక అది చాలావరకు చెక్కలోనే మిగులుతుంది. మనిషి వద్దని ఏరేసిన గింజలోని విషం ఇలా తిరిగి తిరిగి గేదె గాబులోకి చేరుతుంది.

పశువు తిన్నది అఫ్లటాక్సిన్ బి1. కాలేయం దాన్ని కొంత మార్చి ఎం1 రూపంలో పాలలోకి వదులుతుంది. తిన్నదాంట్లో ఇంచుమించు 1 నుంచి 2 శాతం, బాగా పాలిచ్చే ఆవుల్లో 6 శాతం దాకా ఇలా వస్తుంది. దాణాలో మన పరిమితి కిలోకు 20 మైక్రోగ్రాములు. పాలలో పరిమితి కిలోకు 0.5. ఈ రెండంకెలకూ పొంతన ఉందా అని చూద్దాం.

రోజుకు 5 కిలోల దాణా తిని 10 లీటర్లు ఇచ్చే ఆవు. దాణాలో సరిగ్గా 20 మైక్రోగ్రాములుంటే కడుపులోకి వెళ్లింది 100. రెండు శాతం లెక్కన పాలలోకి 2. పది లీటర్లకు పంచితే లీటరుకు 0.2. పరిమితిలోనే ఉంది. అదే ఆవుకు కిలోకు 100 మైక్రోగ్రాములున్న దాణా పెడితే లీటరుకు 1.0, పరిమితికి రెట్టింపు. పాలు మరిగించినా, పాశ్చరైజ్ చేసినా ఇది పోదు. ఊరటనిచ్చే సంగతి ఒకటుంది: ఆ దాణా ఆపేస్తే నాలుగైదు రోజుల్లో పాలు మళ్లీ శుభ్రపడతాయి.

యూరప్‌లో పాలకు పరిమితి 0.05, మన దాంట్లో పదో వంతు. అందుకే అక్కడ పాడి పశువుల దాణాకు 5 మైక్రోగ్రాములే అనుమతి. పై లెక్కలో 20 బదులు 5 పెట్టి చూడండి, సరిగ్గా 0.05 వస్తుంది. మన పరిమితి అమెరికా పరిమితితో సమానం. ఏది సరైనది అన్నదాని మీద వాదన తెగలేదు. పసిపిల్లలకు పాలే ముఖ్యాహారం, అలాంటప్పుడు ఎంత తక్కువైతే అంత మేలన్నది ఒక వైపు. 0.5కి, 0.05కి మధ్య కాలేయ క్యాన్సర్ ముప్పులో తేడా చాలా స్వల్పమని 2001లో ఐక్యరాజ్యసమితి సంస్థలైన ఎఫ్‌ఏఓ, డబ్ల్యూహెచ్‌ఓల నిపుణుల సంఘం కట్టిన లెక్క రెండో వైపు. నా దృష్టిలో మనకు ఇంకా ఆ వాదన దాకా వెళ్లే తీరిక రాలేదు. ఉన్న 0.5నే 368 నమూనాలు దాటాయి.

దాణాలో కలిపే బైండర్లు దీనికి మందా అంటే, సగమే. బెంటొనైట్ లాంటి మట్టి అఫ్లటాక్సిన్‌ను బాగానే పట్టుకుని పేడలోకి పంపేస్తుంది. మొక్కజొన్నలో వచ్చే ఇతర బూజు విషాల మీద దాని ప్రభావం అంతంత మాత్రం. అన్నింటికీ ఒకే పొడి అని చెప్పి అమ్మేదాన్ని కాస్త అనుమానించాలి.

చేలోనే ఉన్న విషాలు

'నాము' అంటే తెలంగాణలో, రాయలసీమలో జొన్న వేసే పల్లెల్లో ముసలివాళ్లకు వివరించక్కర్లేదు. జొన్న కోశాక మోళ్ల నుంచి వచ్చే లేత పిలకలు, వానలు లేక వాడిపోయి గిడసబారిన పైరు తిన్న పశువు కాసేపట్లోనే ఎగశ్వాసతో కొట్టుకుని పడిపోతుంది. మొక్కలోని ఒక పదార్థం నమలగానే విరిగి హైడ్రోసైనిక్ ఆమ్లమవుతుంది, అంటే సైనైడ్. రక్తంలో ఆక్సిజన్ ఉంటుంది గానీ కణాలు దాన్ని వాడుకోలేవు. అందుకే చనిపోతున్న పశువు రక్తం కూడా ఎర్రగా మెరుస్తుంది. డాక్టరు సకాలంలో వచ్చి సోడియం నైట్రైట్, హైపో ఎక్కిస్తే బతుకుతుంది. పూత దశకు వచ్చిన జొన్నలో ఈ భయం బాగా తగ్గుతుంది, ఎండబెట్టి చొప్ప చేసినా, పాతర వేసినా తగ్గుతుంది.

సుబాబుల్ కథ ఇంకా చిత్రం. ఆకులో మాంసకృత్తులు బాగా ఉంటాయి, మేకలు ఇష్టంగా తింటాయి. కానీ మైమోసిన్ అనే పదార్థం వల్ల వెంట్రుకలు రాలడం, గొంతు వాయడం మొదలవుతుంది. ఆస్ట్రేలియాలో పశువులు ఇలా దెబ్బతింటుంటే, హవాయిలో అదే ఆకు తిన్న మేకలకు ఏమీ కావడం లేదని రేమండ్ జోన్స్ అనే శాస్త్రవేత్త గమనించారు. తేడా పశువులో లేదు, పొట్టలోని సూక్ష్మజీవుల్లో ఉంది. హవాయి పశువుల పొట్టలోని వాటిని తెచ్చి ఆస్ట్రేలియా పశువులకు ఎక్కిస్తే అవీ అరిగించుకోవడం మొదలుపెట్టాయి. మైమోసిన్‌ను విరగ్గొట్టే ఆ బ్యాక్టీరియాకు తర్వాత ఆయన పేరే పెట్టారు. మన దగ్గర మాత్రం మొత్తం పచ్చిమేతలో సుబాబుల్‌ను మూడో వంతుకు మించనీయొద్దన్నదే పాటించే సలహా.

పత్తి చెక్కలోని గాసిపాల్ కూడా ఇలాంటిదే. పెద్ద గేదె తట్టుకుంటుంది, దూడ తట్టుకోదు. కోళ్లకు ఎక్కువైతే నిల్వలో గుడ్డు సొన పాచిరంగుకు తిరుగుతుంది.

విషమే లేకుండా చంపేది ఒకటుంది: అన్నం. పెళ్లిళ్లలో మిగిలిన అన్నం గంపలకొద్దీ తెచ్చి ఆవుల ముందు పోస్తారు. పుణ్యమే అనుకుంటారు. పిండిపదార్థం ఒక్కసారిగా పొట్టలో పడితే లాక్టిక్ ఆమ్లం ఊరిపోయి, పీచును అరిగించే సూక్ష్మజీవులు చచ్చి, ఆవు ఒకటి రెండు రోజుల్లో నీళ్ల విరేచనాలతో లేవలేని స్థితికి వస్తుంది. తినే సోడా పట్టించడం మొదటి సాయం, అదీ తొందరగా పట్టిస్తేనే.

కోడి ముందు రెండు అనుమానాలు

బ్రాయిలర్ మీద జనంలో ఉన్న మొదటి అనుమానం హార్మోన్లు. 40 రోజుల్లో రెండు కిలోలు ఎలా వస్తుందన్న ప్రశ్న సహజమే. జవాబు విత్తనంలో ఉంది. కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయం వాళ్లు 1957 నాటి రకాన్ని, 2005 నాటి రకాన్ని ఒకే దాణాతో పెంచి 2014లో ఫలితాలు ప్రచురించారు. 56 రోజులకు పాతది 905 గ్రాములు, కొత్తది 4,202 గ్రాములు తూగింది. దాణా ఒకటే, హార్మోన్ చుక్క లేదు. పైగా పెరుగుదల హార్మోన్ కూడా మాంసకృత్తే, దాణాలో వేస్తే అరిగిపోతుంది. లక్ష కోళ్లకు రోజూ సూది వేయడం ఎవరి తరమూ కాదు.

రెండో అనుమానం యాంటీబయాటిక్స్. దీనికి మాత్రం ఆధారాలున్నాయి. 1940ల చివర అమెరికాలో క్లోర్‌టెట్రాసైక్లిన్ తయారీలో మిగిలిన పిప్పిని విటమిన్ కోసం కోడిపిల్లలకు పెడితే అవి అనుకున్నదాని కన్నా త్వరగా పెరిగాయి. అప్పటి నుంచి టన్ను దాణాకు కొన్ని గ్రాముల చొప్పున కలపడం ప్రపంచమంతా అలవాటైంది. రోగం నయం చేయడానికి చాలని ఆ కొద్ది మోతాదే, మందును తట్టుకునే బ్యాక్టీరియా పుట్టడానికి సరిగ్గా సరిపోతుంది. స్వీడన్ 1986లో, యూరోపియన్ యూనియన్ మొత్తంగా 2006లో పెరుగుదల కోసం వాడకాన్ని ఆపేశాయి. ఆసుపత్రుల్లో చివరి అస్త్రంగా దాచుకునే కొలిస్టిన్‌ను మన కేంద్ర ఆరోగ్య శాఖ 2019 జులైలో పశువులు, కోళ్లు, ఆక్వా, దాణాల్లో నిషేధించింది.

కోళ్ల రైతుల మాటను కొట్టిపారేయడానికి లేదు. ఖర్చులో మూడింట రెండు వంతులు దాణాదే. షెడ్డులో గాలి, నీరు, పరిశుభ్రత సరిగా లేనిచోట మందు ఆపగానే పిల్లలు రాలిపోతాయి. డెన్మార్క్‌లో నిషేధం తర్వాత పాలు మాన్పించిన పందిపిల్లల్లో విరేచనాలు పెరిగి, చికిత్స కోసం మందుల వాడకం కొంతకాలం ఎక్కువైన మాట నిజం. మొత్తం వాడకం తర్వాత తగ్గింది, కోళ్లలో పెద్దగా నష్టం రాలేదన్నదీ నిజమే. అంటే దాణాలో మందు చాలాచోట్ల షెడ్డు లోపాన్ని కప్పిపుచ్చుతోంది. షెడ్డు బాగుచేసే ఖర్చు ఎవరు భరించాలన్నదే అసలు తగాదా.

కొత్త సరుకు, పాత చట్టం

ఇథనాల్ ఫ్యాక్టరీల నుంచి వచ్చే పిప్పి, డీడీజీఎస్, ఇప్పుడు దాణా మిల్లుల్లో సోయా చెక్క చోటును ఆక్రమిస్తోంది. దాణా మిల్లులకు, పౌల్ట్రీలకు చవక, సోయా రైతులకు గుండెకోత. అయితే మొక్కజొన్నలో మూడింట రెండు వంతులు పిండిపదార్థం. అది ఆల్కహాల్‌గా, గాలిగా పోతే మిగిలేది మూడో వంతు. 9 శాతం ఉన్న మాంసకృత్తులు 27కు చేరేది అలాగే. బూజు విషం కూడా ఆ పిప్పిలోనే మిగులుతుంది. 10 మైక్రోగ్రాములున్న మొక్కజొన్న నుంచి 30 ఉన్న పిప్పి వస్తుంది. గింజ పరిమితిలోనే ఉంది, పిప్పి పరిమితి దాటింది.

దీన్నెవరు చూడాలి? 2006 నాటి ఆహార భద్రతా ప్రమాణాల చట్టం 'ఆహారం' అన్న నిర్వచనం నుంచి పశువుల దాణాను తప్పించింది. దాణాకు భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ పెట్టిన ప్రమాణాలు ఎప్పటినుంచో ఉన్నా వాటిని పాటించడం తయారీదారు ఇష్టం. పాలు, మాంసం ఇచ్చే పశువులకు బీఐఎస్ ముద్ర ఉన్న దాణాయే పెట్టాలని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020లో ఆదేశించింది గానీ అమలు వాయిదా పడుతూ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ అదే ఏడాది దాణా తయారీ, నాణ్యత, అమ్మకాలపై సొంత చట్టం చేసుకుంది. ముద్ర తప్పనిసరి చేస్తే చిన్న మిల్లులు మూతపడతాయని, కల్తీ అంతా విడి చెక్క, విడి తవుడు దగ్గరే ఉందని ఒక వాదన. ముద్ర లేనిదే ఎవరినీ నిలదీయలేమని ఇంకొకటి. రెండింటిలోనూ పస ఉంది. మన పాడి రైతుల్లో చాలామంది బస్తా దాణా కన్నా విడి తవుడు, విడి చెక్కే ఎక్కువ కొంటారు, వాటి మీద ఏ ముద్రా ఉండదు. ముద్ర ఉన్న బస్తా మీద కూడా ప్రోటీన్, కొవ్వు, పీచు, తేమ శాతాలు అచ్చవుతాయి. ఆ బస్తాలోని సరుకును అఫ్లటాక్సిన్‌కు ఎప్పుడు పరీక్షించారో, ఎంత వచ్చిందో చూసుకోవడానికి కొనేవాడికి వీలుండదు.